రెండు మైకులతో ఊరి భజనను రికార్డు చేయడం ఎలా?

ధనుర్మాసంలో తెల్లవారుజామున నగర సంకీర్తన, శ్రీరామనవమికి పందిట్లో పాట, శనివారం రాత్రి రామాలయంలో భజన, ఏడాదికోసారి ఏకాహం. మన ఊళ్ళలో భజన బృందాలు ఇంత పాడుతున్నా, రికార్డు ఏదని అడిగితే ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి దొరుకుతుంది. అందులో తాళాల మోత తప్ప గురువు గారి మాట ఒక్కటీ తెలియదు. హార్మోనియం ఉందో లేదో కూడా పోల్చుకోలేం. ఆ పాటల్లో చాలావాటి వరసలు ఏ పుస్తకంలోనూ లేవు, పాడేవాళ్ళ గొంతులోనే ఉన్నాయి. అందుకే వాటిని శ్రద్ధగా రికార్డు చేసి పెట్టుకోవాలి.

దానికి స్టూడియో అక్కర్లేదు, పాడేవాళ్ళందరికీ తలా ఒక మైకూ అక్కర్లేదు. ఒకే స్టాండు మీద రెండు మైకులు చాలు. అయితే ఒక విషయం ముందే మనసులో పెట్టుకోండి: ఈ పద్ధతిలో ఎవరి గొంతు ఎంత వినపడాలో తర్వాత కంప్యూటర్లో సరిచేయలేం. అది అక్కడికక్కడే, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, మైకు ఎక్కడ నిలబడింది అన్నదాన్ని బట్టి తేలిపోతుంది. కాబట్టి మీ సమయంలో ఎక్కువ భాగం మనుషుల్ని, జంపఖానాల్ని, స్టాండునీ అటూ ఇటూ జరపడానికే పోవాలి.

ఏమేం కావాలి

అన్నిటికంటే తేలిక దారి చేతిలో పట్టే స్టీరియో రికార్డర్. జూమ్, టాస్కామ్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. రెండు మైకులూ అందులోనే ఉంటాయి, బ్యాటరీతో నడుస్తుంది, మెమరీ కార్డు మీద రికార్డు అవుతుంది. మొదటిసారి చేసేవాళ్ళకు నేను ఇదే చెబుతాను. కొనలేకపోతే తెలిసినవాళ్ళ దగ్గర ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి.

ఇంకొంచెం ముందుకు వెళ్ళాలనుకుంటే సన్నటి కండెన్సర్ మైకులు (కరెంటు ఇస్తేనే పనిచేసే సున్నితమైన రకం) జతగా అమ్ముతారు. వాటిని ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అంటే మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టెకు కలిపి ల్యాప్‌టాప్‌లో రికార్డు చేయాలి. ఈ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోంచే వెళ్ళే కరెంటు కావాలి. ఇంటర్‌ఫేస్ మీద ఆ స్విచ్ నొక్కకపోతే మైకు మూగగా ఉంటుంది. రెండు మైకులూ ఒకే రకానివి కావాలి. ఒకటి ఒక కంపెనీది, ఇంకొకటి ఇంకో కంపెనీది పెడితే కుడి ఎడమలు ఒకదానికొకటి కుదరవు.

ఇవి కాక ఎత్తుగా లేచే బరువైన స్టాండు, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, మైకులకు స్పాంజి తొడుగులు, నేల మీద వైర్లను అతికించే వెడల్పాటి టేపు, ఇసుక సంచి, పాత దుప్పటి పట్టుకెళ్ళండి. ఇసుక సంచి స్టాండు కాళ్ళ మీద వేయడానికి. గుళ్ళో పిల్లలు పరిగెడతారు. దుప్పటి స్టాండు కింద మడిచి పెట్టడానికి. కాలితో తాళం వేసేవాళ్ళు ఇద్దరున్నా ఆ అదురు నేల మీదుగా మైకుకు ఎక్కుతుంది.

ఫోన్ ఒక్కటే ఉంటే? దాంతోనూ చేయొచ్చు, దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందురోజే వెళ్ళి చోటు చూడండి

భజన జరిగే వేళకే వెళ్ళండి. పగలు నిశ్శబ్దంగా ఉన్న గుడి రాత్రికి వేరేలా ఉంటుంది. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టి వినండి. రాతి మండపమైతే ఆ శబ్దం గిరగిరా తిరిగి చాలాసేపటికి గానీ ఆగదు. అలాంటి చోట మైకు పాడేవాళ్ళకు దగ్గరగా ఉండాలి, నేల నిండా జంపఖానాలు పరవాలి. గోడలకు దగ్గరగా కూర్చోబెట్టకూడదు. అదే తాటాకు పందిరి అయితే ప్రతిధ్వని ఉండదు. అక్కడ ఇబ్బంది గాలి, రోడ్డు మీది బండ్లు, పక్క వీధిలోంచి వచ్చే పాటలు.

తర్వాత కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఊరికే వినండి. సీలింగ్ ఫ్యాను, ట్యూబ్‌లైటు చోక్ చేసే జుమ్మన్న శబ్దం, ప్రసాదం వండే గదిలో గ్యాసు పొయ్యి, దూలాల మీద పావురాలు. మనం రోజూ వింటున్నాం కాబట్టి మన చెవి వీటిని వదిలేస్తుంది, మైకు వదలదు. ఏవి ఆపొచ్చో ఆలయ కమిటీ వాళ్ళతో ముందే మాట్లాడండి. ఫ్యాన్లు పూర్తిగా ఆపమంటే వేసవిలో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాలని అడగడం కూడా న్యాయం కాదు. మైకు నెత్తి మీదున్న ఫ్యాను ఒక్కటి ఆపితే చాలు.

పూజారి గారితో తప్పకుండా మాట్లాడాల్సిన విషయం హారతి. ఇప్పుడు చాలా గుళ్ళలో మోటారుతో మోగే గంటా డోలు యంత్రం పెట్టారు. పాట చివరి చరణంలో ఉండగా ఎవరో దాని స్విచ్ వేశారంటే ఆ పాట అక్కడితో పోయినట్టే. రికార్డు చేసే రోజున చేతి గంటతో హారతి ఇవ్వమని అడగండి. కుదరకపోతే మంగళహారతి పాట అయ్యాకే స్విచ్ వేయమనండి. మర్యాదగా కారణం చెబితే ఎవరూ కాదనరు.

మైక్ సెట్ సంగతి

ఇది తేలకుండా మిగతా పనులు మొదలుపెట్టకండి. ఊరి భజనలో మైక్ సెట్ లేకుండా జరగదు. గురువు గారి ముందో మైకు, హార్మోనియం ముందో మైకు, ఇటూ అటూ బాక్సులు, గోపురానికో వేపచెట్టుకో కట్టిన హారన్లు. మీ మైకు ఈ బాక్సుల ముందు ఉంటే అది పాటను కాదు, బాక్సులోంచి వచ్చే శబ్దాన్ని రికార్డు చేస్తుంది. మధ్యమధ్య కీచుమనే కూత అదనం.

నా మాట వింటే, రికార్డింగు కోసం మైక్ సెట్ లేకుండా ఒక గంట విడిగా పాడించండి. ఊరి జనం రాకముందో, అందరూ వెళ్ళాకో. బృందానికి ఇది కొత్తగా ఉంటుంది. మొదటి పాటలో గొంతులు బిగుసుకుంటాయి, రెండో పాటకు ఒకరి గొంతు ఒకరికి నేరుగా వినపడుతుంది కాబట్టి వంత ఎంత హాయిగా కలుస్తుందో మీరే చూస్తారు. పైగా ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి మామూలు రోజుల్లో 10 దాటాక మైక్ సెట్ ఎలాగూ ఆగాలి, మీ రికార్డింగుకు అదే మంచి సమయం.

ఉత్సవం రోజునే చేయాలి, మైక్ సెట్ తప్పదు అంటే రెండు పనులు చేయండి. ఒకటి, మీ స్టాండు బాక్సుల వెనక ఉండాలి. బాక్సులు జనం వైపు తిరిగి ఉంటాయి, మీరు వాటి వెనక, బృందానికి దగ్గరగా ఉండాలి. రెండు, మైక్ సెట్ ఆపరేటర్‌ని అడిగి మిక్సర్ నుంచో యాంప్లిఫయర్ వెనకున్న లైన్ అవుట్ నుంచో ఒక వైరు తీసుకుని ఇంకో రికార్డర్‌కు ఇవ్వండి. అందులో గురువు గారి మాట స్పష్టంగా ఉంటుంది, తాళాలూ వంతా తక్కువగా ఉంటాయి. మీ స్టాండు మీది మైకుల్లో దీనికి తిరగబడి ఉంటుంది. తర్వాత రెండూ కలుపుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. వైరు స్పీకర్ అవుట్ నుంచి మాత్రం తీసుకోకండి. హారన్లకు వెళ్ళే లైన్లు 100 వోల్టుల దాకా మోసేవి ఉంటాయి. అది రికార్డర్‌కు తగిలితే రికార్డర్ కాలిపోతుంది, మీకూ షాక్ కొట్టొచ్చు. ఏది లైన్ అవుట్, ఏది స్పీకర్ అవుట్ అని అనుమానం ఉంటే ఆ వైరు జోలికే వెళ్ళకండి.

ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి

మామూలుగా భజనలో రెండు వరసలు ఎదురెదురుగా కూర్చుంటాయి, ఒక చివర దేవుడు, ఇంకో చివర జనం. హార్మోనియం, మద్దెల గురువు గారి పక్కన. రికార్డింగుకు ఈ అమరికను పూర్తిగా మార్చక్కర్లేదు, గుర్రపు లాడం ఆకారానికి తెస్తే చాలు. వంగిన వైపు గురువు గారు, ఆయన పక్కన హార్మోనియం. రెండు చేతుల వెంబడీ వంత పాడేవాళ్ళు. తెరిచి ఉన్న వైపు మీ మైకు, లోపలికి చూస్తూ. ఇలా చేస్తే గురువు గారి గొంతు సరిగ్గా మధ్యలో, వంత రెండు పక్కల నుంచీ వినపడుతుంది. ఆయన ఒక పాదం అందుకోవడం, రెండు వైపుల నుంచీ జవాబు రావడం, భజన అంటే అదే కదా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నవాళ్ళకు తాము ఆ వరసల మధ్యే కూర్చున్నట్టు ఉండాలి.

ఇప్పుడు తాళాలు. మొత్తం రికార్డింగులో అన్నిటికంటే కష్టమైనవి ఇవే, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. ఒక జత కంచు తాళాలు గట్టిగా తగిలినప్పుడు వచ్చే ఝణ్ అన్న మొదటి దెబ్బ చాలా పదునుగా, చాలా కొద్దిసేపు ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు అది ఇబ్బందిగా అనిపించదు, మైకు దగ్గరగా ఉంటే మాత్రం మాటలన్నిటినీ కప్పేస్తుంది. గొంతుల కోసం శబ్దం పెంచితే తాళాలు పగిలినట్టు వినపడతాయి, తాళాల కోసం తగ్గిస్తే గొంతులు మునిగిపోతాయి. కాబట్టి తాళాలు వేసేవాళ్ళను మైకుకు దూరంగా, వంగిన వైపు వెనక వరసలో కూర్చోబెట్టండి. తాళాల అంచులు మైకు వైపు చూడకుండా, ఒళ్ళోకి దించి పట్టుకుని వాయించమనండి. "బాబాయ్, తాళాలు ఛాతీ దగ్గర కాకుండా కాస్త కిందికి పట్టుకోండి, మీ గొంతు బాగా వస్తుంది" అంటే సంతోషంగా చేస్తారు. ముందు కూర్చున్నవాళ్ళ వీపులు కూడా ఆ పదునును కొంత తగ్గిస్తాయి. చిడతలు, గజ్జెలు ఉంటే వాటికీ ఇదే పద్ధతి. పదిమంది దగ్గర తాళాలుంటే రికార్డింగుకు నాలుగు జతలు చాలని గురువు గారి చేతే చెప్పించండి. ఆ మాట మీరు చెబితే మనసు కష్టపెట్టుకుంటారు.

మద్దెల లేదా ఢోలక్ వాయించే ఆయన్ని ఒక పక్కకు కాకుండా మధ్యకు దగ్గరగా పెట్టండి. మంద్ర శబ్దం ఒక చెవిలోనే వస్తే వినడానికి బాగుండదు. మందంగా మోగే ఎడమ మూత నేరుగా మైకు వైపు తిరిగి ఉంటే ప్రతి దెబ్బా బుస్సుమంటుంది. ఆయన్ని కొద్దిగా తిప్పి కూర్చోమనండి.

హార్మోనియం గొంతు చిన్నది. తాళాల పక్కన దాన్ని పెట్టడం దానికి అన్యాయం. లాడం లోపలికి, మైకు వైపు ఒక మీటరు ముందుకు జరపండి. తిత్తి వైపు మైకుకు ఎదురుగా ఉంటుంది కాబట్టి తిత్తి కొట్టుకునే టకటక శబ్దం వస్తుంది. పెట్టె కింద మడిచిన తువ్వాలు వేస్తే చాలావరకు తగ్గుతుంది.

మైకు ఎంత దూరం, ఎంత ఎత్తు

ఒక చెవి వేలితో మూసుకుని, పాట జరుగుతుండగా లాడం తెరిచిన వైపు ముందుకూ వెనక్కూ నడవండి. రెండు చెవులతో వింటే మన మెదడు మనకు కావలసిన గొంతును ఏరుకుంటుంది, ఒక చెవితో వింటే మైకు వినేదానికి దగ్గరగా ఉంటుంది. గురువు గారి మాట, వంత, హార్మోనియం మూడూ సమంగా తోచిన చోట ఆగండి. స్టాండు అక్కడే.

దీని వెనక లెక్క ఇది. దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డీబీ (డెసిబెల్, శబ్దాన్ని కొలిచే లెక్క) తగ్గుతుంది. మైకుకు మొదటి మనిషి మీటరు దూరంలో, చివరి మనిషి 4 మీటర్ల దూరంలో ఉంటే ఇద్దరి మధ్యా 12 డీబీ తేడా. మొదటాయన ఒక్కడే పాడుతున్నట్టు ఉంటుంది. అదే స్టాండును 2 మీటర్లు వెనక్కి లాగితే దూరాలు 3, 6 అవుతాయి, తేడా 6 డీబీకి దిగుతుంది. అలాగని వెనక్కి పోతూనే ఉంటే గుడి ప్రతిధ్వని పాటను మింగేస్తుంది. రాతి మండపంలో రెండు, రెండున్నర మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. పందిట్లో మూడు మీటర్ల దాకా వెళ్ళొచ్చు.

ఎత్తు కూడా ఇందులో సాయం చేస్తుంది. కూర్చున్నవాళ్ళ నోటి ఎత్తులోనే మైకు పెడితే ముందు వరస వెనక వరసకు అడ్డు పడుతుంది. మీటరున్నర నుంచి రెండు మీటర్ల ఎత్తుకు లేపి, గురువు గారి ముఖం వైపు కిందికి వంచండి. అప్పుడు ముందువాళ్ళకూ వెనకవాళ్ళకూ దూరాల తేడా తగ్గుతుంది. హారతి పళ్ళెంతో వచ్చేవాళ్ళకు దారి వదిలారో లేదో కూడా చూసుకోండి.

రికార్డర్ అయితే రెండు మైకులూ వాటంతటవే తగిన కోణంలో ఉంటాయి. విడి మైకులు తెచ్చుకుంటే నాకు నచ్చిన అమరిక ఒకటుంది. ఫ్రాన్స్ ప్రభుత్వ రేడియో ఇంజనీర్లు 1960ల ప్రాంతంలో ఖాయం చేసినది, ఆ సంస్థ పేరు మీదే దాన్ని ఓఆర్‌టీఎఫ్ అంటారు. రెండు మైకుల ముఖాల మధ్య 17 సెంటీమీటర్లు, అంటే జానెడుకు కాస్త తక్కువ. మధ్య కోణం 110 డిగ్రీలు, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. మన రెండు చెవుల మధ్య దూరానికి ఇది దగ్గరగా ఉంటుంది కాబట్టి హెడ్‌ఫోన్లలో వింటే చాలా సహజంగా ఉంటుంది. రెండు మైకులూ పట్టే చిన్న బద్ద అమ్ముతారు, దానితో ఒకే స్టాండు సరిపోతుంది. ఎడమ మైకు ఎడమ ఛానెల్‌కే వెళ్ళిందో లేదో దాన్ని గోటితో మెల్లగా గీకి హెడ్‌ఫోన్లలో విని చూసుకోండి.

సెట్టింగులు

రికార్డర్‌లో వేవ్ (WAV) ఫార్మాట్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. ఎంపీ3లో రికార్డు చేయకండి, అది చివర్లో పంచడానికి. 24 బిట్ ఎందుకంటే శబ్దం తక్కువ స్థాయిలో తీసుకున్నా తర్వాత పెంచుకోవచ్చు, గరగర పెరగదు. ఈ లెక్కన స్టీరియోకు గంటకు సుమారు 1 జీబీ పడుతుంది. 32 జీబీ కార్డులో ఒక ఏకాహం మొత్తం పట్టేస్తుంది. చాలా రికార్డర్లు ఫైలు 2 జీబీకి చేరగానే కొత్త ఫైలు మొదలుపెడతాయి, రెండు గంటలకో ఫైలు కనపడితే కంగారు పడకండి.

ఆటో లెవెల్ అని ఉంటే తప్పకుండా ఆపేయండి. అది పాట తగ్గినప్పుడు శబ్దం పెంచి, పెరిగినప్పుడు తొక్కేస్తుంది. గురువు గారు ఒక్కరే మెల్లగా రాగం తీస్తుంటే ఫ్యాను శబ్దం పైకి లేస్తుంది, తాళం పడగానే మొత్తం కుంగిపోతుంది. లో కట్ అనే స్విచ్ ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర వేయండి, ఫ్యాను గాలి, నేల అదురు చాలావరకు పోతాయి.

లెవెల్, అంటే మైకు శబ్దాన్ని ఎంత స్థాయిలో తీసుకోవాలో పెట్టేటప్పుడు "కొంచెం పాడండి" అనకండి. కొంచెం పాడమంటే కొంచెమే పాడతారు. భజన నిదానంగా మొదలై చివరికి రెట్టింపు వేగంలో, అందరూ గొంతెత్తి, తాళాలు దబదబా పడుతూ ముగుస్తుంది. ఆ చివరి జోరునే పాడించండి. అప్పుడు రికార్డర్ తెర మీద శబ్దం స్థాయిని చూపే మీటరు మైనస్ 12 డీబీ దగ్గర తగలాలి. అసలు పాటలో దీనికంటే ఇంకా హుషారు వస్తుంది, ఆ ఖాళీ దానికోసమే. మీటరు సున్నా తాకితే వచ్చే పగులు తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయదు. శబ్దం బాగా పెరిగినా పగలకుండా పట్టే 32 బిట్ ఫ్లోట్ రకం రికార్డర్ ఉంటే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు. అయినా మీటరు ఒకసారి చూసుకోవడం మంచిది.

కరెంటు విషయంలో బ్యాటరీనే నమ్మండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని జుమ్మన్న శబ్దం వైర్లలోకి ఎక్కుతుంది. అమెరికాలో ఇంటి భజనలు రికార్డు చేసే మనవాళ్ళకు అదే 60 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకేసి నడపండి. రికార్డర్‌కు పవర్ బ్యాంక్ పెట్టేవాళ్ళు ఇంటి దగ్గరే ఒక గంట నడిపి చూడండి. రికార్డర్ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి. ఏకాహం లాంటి పెద్ద కార్యక్రమంలో అది అర్ధరాత్రి జరిగితే ఎవరూ గమనించరు. లోపల కొత్త బ్యాటరీలు కూడా వేసి ఉంచండి.

ట్రయల్ పాట

ఒక పాట పూర్తిగా రికార్డు చేసి, పక్కకు వెళ్ళి హెడ్‌ఫోన్లలో వినండి. వరసగా ఈ ప్రశ్నలు వేసుకోండి. పాట తెలియనివాడికి గురువు గారి సాహిత్యం అర్థమవుతుందా? వంత ఒక మనిషి గొంతులా కాక గుంపులా ఉందా? హార్మోనియం శ్రుతి తెలుస్తోందా? తాళం చెవిలో గుచ్చుకుంటోందా?

తేడా ఉంటే లెవెల్ బటన్ ముట్టుకోకండి. ముందు మనిషిని జరపండి, అది చాలకపోతే మైకును జరపండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. ఒక్కరి గొంతు బయటికొస్తుంటే ఆయన్ని ఒక అడుగు వెనక్కి జరిపితే చాలు. "అన్నా, మీ గొంతు బలం వల్ల పక్కవాళ్ళు వినపడట్లేదు, ఒక్క అడుగు వెనక్కి" అనండి. తగ్గించి పాడమని మాత్రం చెప్పకండి. భజనలో గొంతు దాచుకుని పాడితే ప్రాణం పోతుంది. ట్రయల్ పాటను గురువు గారికి కూడా వినిపించండి. ఏది ఎక్కువైందో, ఏది తక్కువైందో ఆయన ఒక్క చరణంలో చెప్పేస్తారు.

రికార్డింగ్ జరుగుతున్నప్పుడు

పాట మొదలవడానికి కనీసం పది నిమిషాల ముందే రికార్డింగ్ నొక్కండి. ఎర్ర దీపం వెలగడం కాదు, సెకన్లు కదులుతున్నాయో లేదో చూడండి. కొన్ని రికార్డర్లు మొదటిసారి నొక్కితే సిద్ధంగా మాత్రమే ఉంటాయి, రెండోసారి నొక్కితేనే రికార్డు అవుతుంది. అందరినీ అర నిమిషం మౌనంగా ఉండమని ఆ గది నిశ్శబ్దాన్ని కూడా తీసుకోండి, ఎడిటింగులో పనికొస్తుంది. రెండు రికార్డర్లు ఉంటే మధ్యలో నిలబడి ఒక చప్పట్లు కొట్టండి, తర్వాత రెండిటినీ కలపడానికి అదే గుర్తు.

పాటకూ పాటకూ మధ్య ఆపకండి. గురువు గారు తర్వాతి పాట ఎవరు రాశారో, ఏ వరసలో పాడాలో రెండు ముక్కలు చెబుతారు. పాటంత విలువ వాటికీ ఉంటుంది. కాగితం మీద టైము, పాట మొదటి మాటలు, పాడినవాళ్ళ పేరు రాసుకుంటూ ఉండండి. మీ ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో, మైకు వైర్లకు దూరంగా ఉండాలి.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్ళకు

చేత్తో పట్టుకోకండి, ట్రైపాడ్‌కు బిగించి పైన చెప్పిన చోటే నిలబెట్టండి. చాలా ఫోన్లకు ముఖ్యమైన మైకు కింది అంచున, ఛార్జర్ పెట్టే చోటు పక్కన ఉంటుంది, ఆ అంచు బృందం వైపు ఉండాలి. వీడియో కంటే, వేవ్‌లో రికార్డు చేసే ఆడియో యాప్ మంచిది. చొక్కాకు పెట్టుకునే వైర్‌లెస్ మైకులు వాడితే అందులో నాయిస్ క్యాన్సిలింగ్ ఆపేయండి. అది మనిషి మాట కోసం చేసినది, హార్మోనియం శ్రుతిని, తాళాల మోగింపును అనవసరపు శబ్దం అనుకుని కోసేస్తుంది.

ఇంటికి వచ్చాక

మొదటి పని కార్డులోని ఫైళ్ళను రెండు వేర్వేరు చోట్ల కాపీ చేయడం. అవి తెరుచుకుంటున్నాయని చూశాకే కార్డు ఖాళీ చేయండి. ఎడిటింగుకు ఉచితంగా దొరికే ఆడాసిటీ సరిపోతుంది. పాటల్ని విడగొట్టి, మొదలూ చివరా మెల్లగా లేచేలా, దిగేలా చేయండి. తాళాలు ఇంకా గుచ్చుకుంటుంటే 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య రెండు మూడు డీబీ తగ్గించండి. అంతకంటే తగ్గిస్తే గొంతుల స్పష్టత కూడా పోతుంది. నాయిస్ రిడక్షన్ చాలా కొద్దిగా వాడాలి, ఎక్కువైతే గొంతులు నీళ్ళలోంచి వచ్చినట్టు అవుతాయి. కృత్రిమంగా ఎకో కలపడం నాకు నచ్చదు. గుడి ఇచ్చిన ప్రతిధ్వని ఎలాగూ అందులో ఉంది.

మిక్సర్ నుంచి తీసుకున్న రికార్డును కలిపేటప్పుడు ఒక చిన్న సర్దుబాటు ఉంది. శబ్దం గాల్లో మీటరు దూరం రావడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మీ మైకు గురువు గారికి 4 మీటర్ల దూరంలో ఉంటే మిక్సర్ రికార్డు 12 మిల్లీసెకన్లు ముందుంటుంది. గురువు గారి మాటల మొదలు చూసుకుని దాన్ని అంత వెనక్కి జరపండి. మీ మైకుల రికార్డే ప్రధానంగా ఉంచి, మాట తెలిసేంత మేరకే రెండోది కలపండి. చివరగా మొత్తం శబ్దం పెంచేటప్పుడు పై అంచు మైనస్ 1 డీబీ దాటనివ్వకండి.

యూట్యూబ్‌లో పెట్టే ముందు బృందంలో అందరి అనుమతి తీసుకోండి. పాడినవాళ్ళకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కు మన కాపీరైట్ చట్టంలోనే ఉంది. అన్నమయ్య, రామదాసుల సాహిత్యానికి కాపీరైట్ లేదు, కానీ ఈ కాలపు విద్వాంసులు కట్టిన బాణీలకు ఉండొచ్చు. సినిమా వరసల మీద కట్టిన భజన పాటలకు యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చే అవకాశం ఎక్కువ. వాటిని ఊరివాళ్ళ మధ్యే పంచుకోవడం మేలు.

వాట్సాప్‌లో పంపితే ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, నాణ్యత తగ్గదు. పెద్దవాళ్ళకు మాత్రం పెన్‌డ్రైవ్ ఇవ్వండి. వాళ్ళ చిన్న స్పీకర్లు, ఆటోల్లోని ప్లేయర్లు చాలావరకు 24 బిట్ వేవ్ ఫైళ్ళను చదవవు. కాబట్టి పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, 320 కేబీపీఎస్ ఎంపీ3లు వేయండి. ఫైలు పేర్లు కొన్ని ప్లేయర్లలో తెలుగులో కనపడవు, అందుకే ముందు 01, 02 అని అంకెలు వేసి, ఏ అంకె ఏ పాటో, ఎవరు పాడారో, ఏ తేదీన ఏ ఊళ్ళో తీసిందో ఒక కాగితం మీద తెలుగులో రాసి పెన్‌డ్రైవ్‌తో పాటు ఇవ్వండి.